కథలు కుప్పలు తెప్పలు, జవాబు రాసే తీరిక లేదు

సమస్య

నాకు ముప్పై ఎనిమిదేళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పటి నుంచీ మాంత్రికుల కథలన్నా, గ్రహాంతరవాసుల కథలన్నా ప్రాణం. నాలుగేళ్ల కిందట నేనూ, నా స్నేహితురాలూ కలిసి తెలుగులో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథల కోసమే ఒక ఆన్‌లైన్ మాసపత్రిక మొదలుపెట్టాం. పాఠకులకి ఉచితం. వేసుకున్న ప్రతి కథకీ రచయితకి వెయ్యి రూపాయలు ఇస్తాం. అదీ, బొమ్మల ఖర్చూ, సర్వర్ ఖర్చూ అన్నీ నా జీతంలోంచే.

ఏడాదిగా పరిస్థితి తలకిందులైంది. ఇంట్లో కూర్చుని డబ్బు సంపాదించే మార్గాలంటూ ఎవరో చేసిన వీడియోలో మా పత్రిక పేరు చెప్పారట. అప్పటి నుంచీ కథలు వరదలా వస్తున్నాయి. చాలావరకు ఏఐతో రాయించినవేనని నా అనుమానం. వాక్యాలు నున్నగా ఉంటాయి, ఊరు మాత్రం ఏ ఊరో తెలియదు. ఒక కథలో అమ్మమ్మ సంక్రాంతి రోజు చెట్టుకాయలు కోయించి కొత్తావకాయ కలుపుతుంది.

ఆ గుట్ట అడుగున ఒక రాత్రి పలాస కుర్రాడి కథ దొరికింది. జీడితోటలో అంతరిక్ష నౌక దిగుతుంది. కాపలా ఉన్న ముసలమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, లోపలివాళ్లని మొట్టమొదట అడిగే మాట, "మీరెవరి తాలూకు బాబూ?" అని. అర్ధరాత్రి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇలాంటి కథ ఒకటి దొరకడానికి ఎన్ని చదవాలి మేడమ్?

డబ్బివ్వడం మానేస్తే ఈ గొడవే ఉండదని స్నేహితురాలు అంటోంది. లేదంటే కథకి వంద రూపాయలు ప్రవేశ రుసుము పెడదామంటోంది. నెలల తరబడి జవాబు రాక రచయితలు నొచ్చుకుంటున్నారు. శని, ఆదివారాలు పిల్లాడికి నేను దొరకడం లేదు. ఎవరి కోసం ఈ యాతన అని మావారు అడుగుతున్నారు. మూసెయ్యమంటారా?

- ఒక సంపాదకురాలు, హైదరాబాద్

సలహా

అమ్మా, మూసెయ్యొద్దు. కానీ ఇప్పుడు నడుపుతున్న పద్ధతిలో మాత్రం ఇక ఒక్క నెల కూడా నడపొద్దు.

ముందుగా ఒక మాట. ఈ వరద మీ చేతగానితనం వల్ల వచ్చింది కాదు. అమెరికాలో నీల్ క్లార్క్ 2006లో మొదలుపెట్టిన 'క్లార్క్స్‌వరల్డ్' ఈ రంగంలో పేరున్న ఆన్‌లైన్ పత్రిక. 2023 ఫిబ్రవరిలో యంత్రంతో రాయించిన కథలు వందల కొద్దీ వచ్చిపడటంతో ఆయన కథలు తీసుకోవడమే కొన్నాళ్లు ఆపేశారు. మార్చిలో మళ్లీ మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనే 'అసిమోవ్స్' పత్రికకి ఇరవై మందికి పైగా వేర్వేరు మనుషుల నుంచి 'చివరి ఆశ' అనే ఒకే అర్థమొచ్చే పేరుతో కథలు వచ్చాయి. అక్కడా పంపినవాళ్లలో చాలామంది సులువు సంపాదన వీడియోలు చూసి వచ్చినవాళ్లే. ఆ పత్రికల్ని అభిమానించి చదివేవాళ్లు కారు.

ఇక రుసుము సంగతి. అది పెట్టకండి. యంత్రంతో గంటకి పది కథలు రాయించేవాడు వందా పెట్టుబడి అనుకుని కడతాడు. ఆగిపోయేది పలాస కుర్రాడు. దూరదేశాల నుంచి రాసే కొత్తవాళ్లు నష్టపోతారని క్లార్క్ కూడా ఆ దారి పట్టలేదు.

పారితోషికమూ ఆపకండి. 'తోకచుక్క', 'కంచుకోట', 'రాకాసిలోయ' సీరియల్స్ కోసం చందమామ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన పిల్లలకి వాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం అని తెలియదు. ఆయన పేరు వాటి మీద ఉండేది కాదు. అంత ఊహాశక్తి ఉన్న మనిషి ఏళ్ల తరబడి పేరు లేకుండానే రాశారు. మీరు రచయిత పేరు వేస్తున్నారు, చేతిలో డబ్బు పెడుతున్నారు. అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం 2019లో వృత్తిస్థాయి పారితోషికాన్ని మాటకి 8 సెంట్లకి పెంచింది. దాని పక్కన మీ వెయ్యి చిన్నదే. కానీ మాంత్రికుడి కథ రాయడం కూడా పనేనని, దానికి విలువుందని ఆ వెయ్యి చెబుతోంది. ఏది తగ్గించినా దాన్ని మాత్రం తగ్గించకండి.

తగ్గించాల్సింది కథలు తీసుకునే రోజుల్ని. ఏడాది పొడవునా తలుపులు బార్లా తెరిచి కూర్చోకండి. 'అన్‌కానీ' లాంటి పెద్ద పత్రిక కూడా ఏడాదిలో కొద్ది రోజులే కథలు తీసుకుంటుంది. మీరు ఏడాదికి రెండుసార్లు, రెండేసి వారాలు పెట్టుకోండి. ఒక్కొక్కరి నుంచి ఒక్కటే కథ. మాసపత్రికని త్రైమాసికం చెయ్యండి. మూడు నెలలకి నాలుగు మంచి కథలొస్తే తెలుగు పాఠకుడు సంతోషంగా చదువుతాడు.

ఏఐని పట్టుకునే సాఫ్ట్‌వేర్లని నమ్ముకోవద్దు. అవి మనిషి రాసినదాన్ని యంత్రం ఖాతాలో, యంత్రం రాసినదాన్ని మనిషి ఖాతాలో వేస్తాయి. సొంతంగా రాసినవాడి మీద ఆ నింద పడితే వాడు జన్మలో మళ్లీ కలం పట్టడు. యంత్రంతో రాయించిన కథలు తీసుకోబోమని నియమాల్లో స్పష్టంగా రాయండి, హామీ తీసుకోండి. బాగాలేని కథని బాగాలేదనే తిప్పి పంపండి. ఎవరు రాశారో తేల్చే బాధ్యత మీది కాదు. నచ్చిన కథ విషయంలో మాత్రం ఖాయం చేసే ముందు రచయితతో పావుగంట ఫోన్లో మాట్లాడండి. ఆ ముసలమ్మ నౌకని చూసి ఎందుకు పారిపోలేదు, ఆ తోట ఎవరిది, ముగింపు ఒక పేరా ముందే ఆపితే ఎలా ఉంటుంది అని అడగండి. రాసినవాడి దగ్గర కథలోకి ఎక్కని సంగతులు బోలెడుంటాయి. వాదిస్తాడు, కొన్ని ఒప్పుకుంటాడు. కథకీ అది మంచిదే.

ఒక్కరే చదవకండి. 'స్ట్రేంజ్ హొరైజన్స్' అనే పత్రిక 2000 నుంచీ స్వచ్ఛంద సంపాదకులతో, పాఠకుల విరాళాలతో నడుస్తోంది. సంపాదకులు జీతం తీసుకోరు, రచయితలకి మాత్రం డబ్బిస్తారు. మన ఆన్‌లైన్ పత్రిక 'ఈమాట' కూడా 1998 నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల చేతుల మీదే నిలబడింది. మీ పాఠకుల్లో నలుగురు తొలి వడపోతకి దొరకరా? అడిగి చూడండి. ఎక్కువ కథలు మొదటి రెండు పేజీల్లోనే తేలిపోతాయి. సందేహం ఉన్నవి, నచ్చినవి మాత్రమే మీ దాకా రానివ్వండి.

డబ్బు విషయం మీవారితో కూర్చుని తేల్చుకోండి. నెలకి ఇంత అని వేరే ఖాతాలో వేసి, అది దాటకండి. మిగతాది పాఠకుల్నే అడగండి. ఇక్కడివాళ్లూ, విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లూ నేరుగా మీకే పంపేలా చూసుకోండి. 2023లో అమెజాన్ కిండిల్ పత్రికల చందాలు ఆపేసినప్పుడు, వాటి మీద ఆధారపడ్డ సైన్స్ ఫిక్షన్ పత్రికలకి రాబడి దెబ్బతింది. పాఠకుల ఈమెయిళ్లు మీ దగ్గరే ఉండాలి.

నీల్ క్లార్క్ పదేళ్లు ఉద్యోగం చేసుకుంటూనే పత్రిక నడిపారు. అన్నాళ్లు నడపాలంటే ఇంట్లోవాళ్ల మద్దతు కావాలి. ఆదివారం పూర్తిగా మీ అబ్బాయిదని ఇవాళే చెప్పెయ్యండి. పత్రిక పని శనివారం పొద్దుటితో సరి.

మీ పత్రిక మీద నమ్మకం నిలిచేది మీరు రచయితకిచ్చే జవాబు మీద. ఎనిమిది వారాల్లో జవాబిస్తామని రాస్తే ఎనిమిది వారాల్లో ఇచ్చి తీరాలి. అందుకే కొత్త కథలు ఈ రోజే ఆపండి. చేతిలో ఉన్నవన్నీ రెండు నెలల్లో చదివించి, తీసుకున్నా తీసుకోకపోయినా ప్రతి ఒక్కరికీ రెండు ముక్కలు రాయండి. మొదటి ఉత్తరం పలాసకి వెళ్లాలి, వెయ్యి రూపాయలతో సహా.