ముందు గీత, తరువాత ఫోటో

అల్లుడూ,

బిలాస్‌పూర్ టోకు బజారు వ్యాపార్ విహార్‌లో డిజైన్ పనిలో చేరాలని ఉందనీ, ముందు ఫోటోషాప్ నేర్చుకోవాలా, కోరెల్ డ్రా నేర్చుకోవాలా తేల్చుకోలేకపోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. నా మాట సూటిగా చెప్తాను. ముందు కోరెల్ డ్రా. ఫోటోషాప్ వద్దనడం లేదు, దాని వంతు తరువాత. ఎందుకో వివరంగా రాస్తున్నాను. ఒప్పుకోలేకపోతే నాతో వాదించు, నాకు సంతోషమే.

అసలు నువ్వు పని చేయబోయే బజారు ఏం అచ్చు వేయిస్తుందో చూడు. టోకు వ్యాపారికి కావలసినవి బిల్లు బుక్కులు, లెటర్‌హెడ్లు, విజిటింగ్ కార్డులు, సరుకు ప్యాకెట్ల మీద లేబుళ్ళు, కొట్టు ముందు ఫ్లెక్స్. వీటిలో చాలావరకు అక్షరాలు, గీతలు, గడులు, లోగోలే. జీఎస్టీ బిల్లులో ఫోటో అన్నదే ఉండదు. కోరెల్ గీతను లెక్కగా గుర్తుపెట్టుకుంటుంది: ఎక్కడ మొదలైంది, ఎలా వంపు తిరిగింది, ఎక్కడ ఆగింది అని. అందుకే ఒకే లోగో కార్డు మీదా, ఇరవై అడుగుల బోర్డు మీదా అంతే పదునుగా వస్తుంది. ఫోటోషాప్ బొమ్మను చుక్కలుగా దాస్తుంది. మూడున్నర అంగుళాల కార్డును అంగుళానికి 300 చుక్కల చొప్పున చేస్తే అడ్డంగా 1,050 చుక్కలు. రేపు షావుకారు అదే బొమ్మను పదడుగుల ఫ్లెక్స్‌కు పెంచమంటే ఆ 1,050 చుక్కలే 120 అంగుళాలకు పరుచుకోవాలి. అంగుళానికి తొమ్మిది కూడా రావు. మొదటే పదడుగులకు 300 చొప్పున చేద్దామంటే అడ్డంగా 36,000 చుక్కలు కావాలి. ఫోటోషాప్ మామూలు పీఎస్‌డీ ఫైలు 30,000 దాటనివ్వదు. ఫ్లెక్స్‌ను దూరం నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి 72 చాలంటారు, అదీ నిజమే. కానీ అలా చేసిన ఫైలులోనూ ఉన్నవి చుక్కలే, గీతలు కావు; రేపు ఇంకా పెద్ద బోర్డు అడిగితే మళ్ళీ అదే చిక్కు.

సిరా సంగతి ఇంకా ముఖ్యం. ఆఫ్‌సెట్‌లో నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు. తెర రంగుల పద్ధతి ఆర్‌జీబీలో చేసిన నల్లక్షరాన్ని అచ్చు సిరాల పద్ధతి సీఎంవైకేకి మారిస్తే ఆ నలుపు నాలుగు సిరాల్లోనూ పంచుకుంటుంది. ప్లేటు వెంట్రుకవాసి జరిగినా సన్నక్షరం పక్కన రంగు నీడ పడుతుంది. కోరెల్‌లో ఆ అక్షరానికి నూటికి నూరు నలుపు ఒక్కటే ఇస్తే అది ఒక్క ప్లేటు మీదే ఉంటుంది, నీడ పడే ప్రసక్తే లేదు. పెళ్ళి కార్డుల స్క్రీన్ ప్రింటింగ్‌లో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింటు తీసి స్క్రీన్ ఎక్కిస్తారు. కంప్యూటర్ తెర మీద అంచు నున్నగా కనబడాలని ఫోటోషాప్ అక్షరం చుట్టూ బూడిద చుక్కలు పెడుతుంది. ప్రింటర్‌కు ఉన్నది నలుపొక్కటే కాబట్టి అది ఆ బూడిదను సన్నటి నల్ల చుక్కలుగా విడగొడుతుంది. కార్డు మీద అంచు నూగుగా దిగుతుంది. తెలుగు అక్షరానికి ఇది పెద్ద దెబ్బ. ద, ధ మధ్య తేడా అడుగున ఒక్క చిన్న గీత. ఆ గీత పూడుకుపోతే పెళ్ళికొడుకు పేరే మారిపోతుంది. రైల్వే పనితో వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు హిందీతో పాటు తెలుగులోనూ శుభలేఖ వేయించుకోవాలనుకుంటే, దాన్ని తప్పులేకుండా ఇవ్వగలవాడివి నువ్వు కావాలని నా కోరిక. ఒక జాగ్రత్త: తెలుగుకు అను ఫాంట్లతో గాని, హిందీకి కృతిదేవ్‌తో గాని చేసిన ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా మారుతుంది. ప్రెస్సుకు పంపేముందు అక్షరాలను కర్వ్స్ (అంటే ఫాంటు అక్కరలేని గీతలు) చేసి పంపు. దిద్దుకోవడానికి అసలు ఫైలు వేరే దాచుకో.

ఫోటోషాప్‌లోనూ అక్షరాలు వెక్టరే, అంటే లెక్కగా గుర్తుపెట్టుకున్న గీతలే కదా అని నువ్వడగవచ్చు. అవును, లేయర్లు కలపకుండా పీడీఎఫ్ చేస్తే అక్షరం పదును నిలుస్తుంది. కానీ జేపీజీ చేసిన క్షణాన అదంతా చుక్కలే. హడావిడిలో అందరూ చేసేది జేపీజీయే. స్టూడియోల్లో ఫోటోషాప్‌కే గిరాకీ అంటావా, అదీ ఒప్పుకుంటాను. పెళ్ళి ఆల్బమ్‌లే నీ దారి అయితే నా సలహా తిరగేసుకో. అచ్చు పనిలో మాత్రం ఫోటోషాప్ చోటు వేరు: ఫోటో వెనక భాగం తీయడం, ముఖం రంగు సరిచేయడం, సీఎంవైకేకి మార్చడం. అవి ముగిశాక ఆ ఫోటోను కోరెల్ పేజీలోకి తెచ్చి, అక్షరాలన్నీ అక్కడే పెట్టు.

కోరెల్‌లాగే గీతలతో పని చేసే ఇలస్ట్రేటర్ ఎందుకు కాదు? పనితనంలో అది తక్కువేమీ కాదు. అయితే కోరెల్ 1989లో విండోస్ మీదే పుట్టింది.  చవక విండోస్ కంప్యూటర్‌తో మొదలైన చిన్న ప్రెస్సులు కోరెల్‌నే పట్టుకున్నాయి, ఇప్పటికీ కోరెల్ సీడీఆర్ ఫైలే అడుగుతాయి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసినది పాతదానిలో తెరుచుకోదు కాబట్టి ప్రెస్సువాళ్ళ వెర్షన్ అడిగి, దానికి తగ్గట్టు సేవ్ చెయ్యి. డబ్బు లేదని దొంగ కాపీ మాత్రం వేసుకోకు. ఇంక్‌స్కేప్ ఉచితం, గీత గీసే పద్ధతి అదే. దాని లోటు సీఎంవైకే దగ్గర. అందుకు స్క్రైబస్ ఉంది, అదీ ఉచితమే.

ఈ నెల ఒక్క పని చెయ్యి. ఏదైనా కొట్టు బోర్డు మీది లోగోను ఫోనులో ఫోటో తీసుకుని, ఆటో ట్రేస్ ముట్టుకోకుండా, పెన్ టూల్‌తో నోడ్ నోడ్‌గా (గీతను నిలబెట్టే చుక్క చుక్కగా) మళ్ళీ గీయి. వంపు ఒక్కదానికి ఎన్ని తక్కువ నోడ్లు సరిపోతాయో చూసుకో. గీసిన ఫైలు నాకు పంపు, ఎక్కడ నోడ్లు ఎక్కువయ్యాయో గుర్తుపెట్టి తిరిగి పంపిస్తాను.

నీ మావయ్య