ఆకాశంలో ఒక్క చెట్టు

మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట పేరు మనలో చాలామంది విన్నారు. సెలవుల్లో అన్నల ఫోన్లలో చూసినవాళ్ళూ ఉన్నారు. స్వీడన్ దేశస్థుడు మార్కస్ పెర్సన్ 2009లో దీన్ని మొదలుపెట్టాడు. అందులో లోకమంతా దిమ్మెలే. మట్టి ఒక దిమ్మె, రాయి ఒక దిమ్మె. తవ్వుకోవచ్చు, పేర్చి కట్టుకోవచ్చు.

నేను రాసేది కంపెనీవాళ్ళు చేసిన దాని గురించి కాదు. 'నూబ్‌క్రూ' అనే మారుపేరుతో ఒక ఆటగాడు 2011లో తయారుచేసిన 'స్కైబ్లాక్' మ్యాపు గురించి. వార్డెన్ సార్, ఆటల మీద పాఠమేమిటని అనుకోకండి. ఇందులో లెక్కలున్నాయి, సైన్సుంది.

ఈ మ్యాపులో కింద నేలే లేదు! ఆకాశంలో చిన్న మట్టి దీవి, దాని మీద ఒక చెట్టు, ఒక పెట్టె. పెట్టెలో మంచుగడ్డ, బకెట్ నిండా లావా. కాలు జారితే పాతాళమే. కొంచెం దూరంలో ఇసుక దీవి ఒకటి ఉంటుంది గాని, అక్కడికి వంతెన వేయడానికి రాళ్ళు కావాలి. రాళ్ళు ఎక్కడివి? మనమే పుట్టించాలి.

ముందు చెట్టు కొట్టాలి. ఒక దుంగకు 4 పలకలు వస్తాయి. పనిబల్లకు 4, పికాసుకు 3, దాని పిడికి కావలసిన పుల్లలకు 2, మొత్తం 9 పలకలు. అంటే 3 దుంగలు చాలు. తర్వాత మంచును కరిగించి నీళ్ళు చేసి, కాలువ తవ్వి, ఒక కొసన నీళ్ళు, ఇంకో కొసన లావా వదలాలి. పారే లావాకు నీళ్ళు తగిలితే రాయి అవుతుంది. పికాసుతో కొట్టి తీస్తే మళ్ళీ రాయి. ఎంత తీసినా తరగదు. లావా చల్లారి రాయి కావడం నిజంగా జరిగేదే. మన ఆదిలాబాద్ వైపు ఉన్న నల్లరాయి అలా ఏర్పడిందే. తరగకపోవడం మాత్రం ఆటలోనే!

ఇక్కడే ప్రమాదం. పారే లావాకు కాకుండా, బకెట్‌తో పోసిన అసలు దిమ్మెకే నీళ్ళు తగిలితే అది అబ్సిడియన్ అనే గాజురాయి అయిపోతుంది. దాన్ని తవ్వాలంటే వజ్రపు పికాసు ఉండాలి. వజ్రాలు భూమిలోపల దొరుకుతాయి. ఇక్కడ భూమే లేదు. ఉన్న ఒక్క బకెట్ లావా పోయినట్టే. అందుకే కాలువలో నీళ్ళ పక్కన ఒక గుంట వదిలి, నీళ్ళు అందులోకి దిగి ఆగేటట్టు చేస్తారు.

"దయ్యాలు తక్కువ, ఇదేం కష్టం?" అని మా గదిలో వాదించారు. నా ఉద్దేశంలో దయ్యాలకంటే చెట్టే భయం. చెట్టు కొట్టేశాక ఆకులు రాలుతాయి. ఒక్కో ఆకు నుంచి మొక్క వచ్చే అవకాశం 20లో 1. ఒక్క మొక్కా రాకపోతే ఇక కర్ర లేదు. 50 ఆకులనుకుందాం. ఒక ఆకు నుంచి మొక్క రాకపోయే అవకాశం 0.95. దాన్ని దానితోనే 50 సార్లు గుణిస్తే సుమారు 0.077. అంటే 13 మంది ఆడితే ఒకరికి దాదాపుగా మొదటి చెట్టుతోనే ఆట ముగుస్తుంది. పైగా దీవి అంచున రాలిన మొక్క గాలిలోకి పడిపోతుంది. తెలిసినవాళ్ళు కొంచెం మట్టి తీసి ఆకుల కిందికి అంచును పెంచి, అప్పుడు కొడతారు.

మా అమ్మమ్మ విత్తనాల కొర్రలు వేరే కుండలో పెట్టి మూతికి మట్టి మెత్తేది. శ్రావణంలో తిండికి కటకటగా ఉన్నా ఆ కుండ దించనిచ్చేది కాదు. ఈ ఆటలో మొదటి మొక్క అలాంటిదే.

మట్టి సంగతి ఇంకా గట్టిది. రాయి పుడుతుంది, చెట్టు పెరుగుతుంది, రెండు దిమ్మెల నీళ్ళను ఎదురెదురు మూలల్లో పోస్తే నీళ్ళు కూడా తరగవు. కానీ 2011 నాటి ఆటలో మట్టిని పుట్టించే దారి లేదు. ఒక్క దిమ్మె కిందికి జారిపడితే అంత పొలం తగ్గినట్టే.

లెక్కలవాళ్ళకు ఒక ప్రశ్న: 100 ఆకులు రాలితే ఒక్క మొక్కా రాకపోయే అవకాశం ఎంత? జవాబు కాగితం మీద రాసి ఆదివారంలోగా నాకివ్వండి. సరైన జవాబులు వచ్చే సంచికలో పేర్లతో వేస్తాను.