కోట గోడయు, కూలివాని మెతుకును

పాఠ్యభాగము: నెహెమ్యా 5వ అధ్యాయము



మన గాంధారి ప్రాంతమునుండి ఎల్లారెడ్డి మీదుగా మెదకు చేరినచో అక్కడ రెండు గొప్ప కట్టడములను చూడవచ్చును. ఒకటి కొండమీది కోట, రెండవది దేవాలయము. ఈ నెల ఆ రెంటిని చూచి నేర్చుకొందము.

కోట కాకతీయుల కాలము నాటిది. తరువాత కుతుబ్‌షాహీల వశమాయెను. కొండనే ఆసరా చేసికొని రాతి గోడలు లేపిరి. పైకి ఎక్కువాడు మూడు ద్వారములు దాటవలెను. ప్రథమ ద్వారముపై రెండు తలల గండభేరుండ పక్షియు, సింహ ద్వారముపై సింహములును, గజ ద్వారమునకు ఇరుప్రక్కల ఏనుగులును చెక్కబడియున్నవి. శత్రువు ఒక ద్వారము గెలిచినను మరియొకటి వానిని ఆపును. లోపల ఒక మసీదును, పొడవైన ఫిరంగియు నున్నవి. ఈ కోటకు మెతుకుదుర్గమని పేరు. మెతుకనగా మన కంచములోని అన్నపు మెతుకే గదా!

ఇక దేవాలయము. వెస్లియన్ మెథడిస్టు మిషనెరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు మెదకు వచ్చిరి. 1914లో దేవాలయపు పని ఆరంభమాయెను. అవి మొదటి ప్రపంచయుద్ధపు దినములు. కరవు వచ్చి బీదలకు కూడు కరవాయెను. వారికి దేవాలయమున పనియు, పనికి తిండియు దొరికెను. పదియేండ్లు కట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిరి. నిడివి 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము 175 అడుగులు. సుమారు 5,000 మంది కూర్చుండవచ్చును. రంగు అద్దముల కిటికీలలో ప్రభువు ఆరోహణము 1927లోను, జననము 1947లోను, సిలువ 1958లోను అమర్చబడెను.

నెహెమ్యా యెరూషలేము గోడ కట్టించుచుండగా బీదల మొర వినబడెను. ధాన్యము కొరకు పొలములు తాకట్టు పెట్టిరి, బిడ్డలు దాసులగుచుండిరి. పని తొందరలో నున్నాను, తరువాత చూతమని అతడు అనలేదు. ప్రధానులను గద్దించి పొలములు తిరిగి ఇప్పించెను. తానును అధికారికి రావలసిన భోజనపు సొమ్ము పండ్రెండేండ్లు ముట్టలేదు. గోడ ఎంత ఎత్తైనను, దాని లోపల ఆకలియున్న యెడల పట్టణమునకు క్షేమము లేదని అతడెరుగును.

మనమును మన పల్లెలలో గుడులు కట్టుకొనుచున్నాము. చందా పట్టీ వ్రాయుట మంచిదే. అయితే పట్టీలో పేరు వ్రాయించలేక, సిగ్గుపడి ఆరాధనకు రాక నిలిచిపోయిన విధవరాలు మన మధ్య లేదా? వడ్డీ కట్టలేక పొలము పోగొట్టుకొన్న సహోదరుడు లేడా? ఆ వడ్డీ తీసికొన్న చేయి మన సంఘములోనిదే కావచ్చును. మొదట ఆ లెక్క సరిచూచుకొందము. తరువాత రాయి మీద రాయి పెట్టుదము.

ఆలోచించుడి:
1. నెహెమ్యా గోడ పనికంటె ముందు దేనిని సరిచేసెను?
2. మన సంఘములో ఎవరి పొయ్యి ఈ వారము వెలుగలేదు?
3. తీసికొన్న వడ్డీలో మనము తిరిగి ఇయ్యవలసినది ఏమైన నున్నదా?