యత్నదోష పద్ధతి – పాత దుస్తుల వర్తకము

విద్యార్థి మిత్రులు మనస్తత్వ శాస్త్ర పాఠములలో థారన్‌డైక్ పిల్లిని ఎరుగుదురు. ఆ అమెరికన్ శాస్త్రవేత్త ఆకలిగొన్న పిల్లిని పెట్టెలో బంధించి, వెలుపల ఆహారము నుంచి, 1898లో తన పరిశీలనలను ప్రకటించినాడు. పిల్లి గీరినది, కరచినది, తుదకు యాదృచ్ఛికముగా గడియ తీసికొని బయటపడినది. మరల మరల బంధించిన కొలది వ్యర్థచేష్టలు తగ్గినవి, పట్టు కాలమును తగ్గినది. దీనినే మన పాఠ్యగ్రంథములు యత్నదోష అభ్యసనమన్నవి.

వాణిజ్య విభాగమునకు చెందిన మేము నలుగురము సెలవులలో పాతకాలపు దుస్తుల వర్తకము ప్రారంభించిననాడు మాకీ సిద్ధాంతముపై అపారమైన విశ్వాసముండెను. మూలధనము ఇరువది వేల రూపాయలు. సరుకు హైదరాబాదు జుమ్మేరాత్ బజారులోను, పాత బట్టలకు స్టీలు సామాను మార్చుకొను స్త్రీల వద్దను, తెలిసినవారి ట్రంకు పెట్టెలలోను లభించినది.

మొదటి దోషము షేర్వానీలతో జరిగినది. అందముగా నున్నవని పన్నెండు ఒకేసారి కొన్నాము. అన్నియు ఇరుకు భుజములవే. కుట్టులోపల మిగులు గుడ్డ లేనిచో ఎంతటి దర్జీయైనను విప్పి పెంచలేడు. రెండు నెలలలో మూడు అమ్ముడైనవి. తక్కిన తొమ్మిదింటిలో మూలధనము చాలవరకు నిద్రించినది. సరుకు నిల్వ యను మాటను పరీక్షకై వల్లించినప్పుడు దాని బరువు మాకు తెలియలేదు. నాటినుండి టేపు లేనిదే బజారునకు పోలేదు. ఛాతీ, భుజము, పొడవు కొలిచి వ్రాసికొన్న పిమ్మటనే బేరము.

జరీ మరియొక బడి. మేలైన జరీ యనగా పట్టుదారముపై చుట్టిన సన్నని వెండి తీగ, దానిపై బంగారు పూత. నకిలీలో రాగి తీగ యుండును. గీరినచో ఎఱ్ఱదనము బయటపడును. ఇది తెలియక రాగికి వెండి ధర నిచ్చినాము. మరియొకనాడు, వెండి కొరకు జరీని కాల్చు వ్యాపారి మాకన్న హెచ్చు ధర పలికి, నేత చెడని గద్వాల చీర నొకదానిని మా కన్నులయెదుటనే కొనిపోయినాడు. అది మా లెక్కల పుస్తకములో నష్టముగా కనబడదు. కాని నేటికిని బాధించునదదియే.

ఇంతవరకు దోషములు మా సొమ్ముతో తీరినవి. పిదప మాలో నొకరి దాదీమా తమ పెండ్లినాటి ఖడా దుపట్టాను అమ్మిపెట్టుమని నమ్మి యిచ్చినారు. గాలిలోని గంధక సమ్మేళనములు సోకి వెండి జరీ నల్లబడియుండెను. ఇత్తడి బిందెను తోమినట్లు చింతపండుతో రుద్దినాము. బంగారు పూత పోయినది, రంగు కారినది, మడతవద్ద పట్టు చీలినది. థారన్‌డైక్ పిల్లికి అదే పెట్టె మరల లభించినది. మాకు ఆ దుపట్టా మరల లభించదు. ఈ భేదమును ఏ అధ్యాయములోను మేము చదివియుండలేదు.

ఇప్పుడు మా యత్నములన్నియు చినిగిన పేలికలపైననే. పరుల వస్త్రమునకు, కనబడని మూలలో తడిసిన తెల్లని గుడ్డ నొత్తి రంగు అంటుచున్నదేమో చూతుము. అంటినచో నీటిని తాకనీయము. నల్లబడిన జరీని అట్లే యుంచి, కొనువారికి కారణము చెప్పుదుము. మడతలు మార్చి, మెత్తని నూలుగుడ్డలో చుట్టి దాచుదుము.

దాదీమాకు ధర చెల్లింపబోగా వారు పుచ్చుకొనలేదు. చెడిన కొసను కత్తిరించి మాకిచ్చి, మిగిలినది మనుమరాలికని పెట్టెలో దాచినారు. క్రొత్తగా మాతో చేరినవారిచేత మొట్టమొదట గీరించి చూపునది ఆ ముక్కలోని జరీనే.