మిల్లు కట్టిన ఊళ్ళో స్నానాల రేవు ఉండదు

కెనడాకు కొత్తగా వచ్చిన మనవాళ్ళ మొదటి షికారు నయాగరాకే. అది ఎవరు చెప్పినా ఆగదు. రెండో వేసవి వచ్చేసరికి అక్కడి జనం, పార్కింగ్ రేట్లు మొహం మొత్తి, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే చిన్న ఊరేదైనా ఉందా అని వెతుకుతారు. బ్రాంప్టన్, కిచెనర్, గ్వెల్ఫ్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకు ఆ వెతుకులాట గ్రాండ్ నది ఒడ్డునే తేలుతుంది: ఫెర్గస్, పారిస్, అన్నిటికన్నా ముందు ఎలోరా. ఆ పేరు వినగానే మనవాళ్ళకు ప్రాణం లేచొస్తుంది. ఊరు పెట్టిన కెప్టెన్ తన సోదరుడి ఓడ పేరు పెట్టాడని, ఆ ఓడకు ఆ పేరు మన ఎల్లోరా గుహల మీదుగా వచ్చిందని చెబుతారు. బాగుంది, తప్పకుండా వెళ్ళండి. కానీ ఏటా జూలై, ఆగస్టుల్లో అక్కడ కనిపించే ఒక దృశ్యం ఉంది. పులిహోర డబ్బాలు గట్టు మీద, చెప్పులు చేతిలో, ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచి, కంచె అవతల రాతి మీద నలుగురు. అయిదోవాడు ఫోన్ పట్టుకుని "ఇంకాస్త వెనక్కి, ఇంకాస్త" అంటుంటాడు. ఆ వెనక ఏముందో అయిదుగురిలో ఒక్కరికీ తెలియదు. ఈ రాతంతా వాళ్ళ కోసమే.

మిగతా సంగతులు తేలిక. కారు లేకపోతే ఈ ఊరి జోలికి పోకండి. రైలు ఎప్పుడో పోయింది, దాని కట్ట ఇప్పుడు ఎలోరా నుంచి కాటరాక్ట్ దాకా 47 కిలోమీటర్ల నడకదారి. గో రైలు దిగడానికి దగ్గరి స్టేషను గ్వెల్ఫే. ఒంటారియోలో స్థిరపడ్డాక ఇండియా లైసెన్సుతో 60 రోజులే నడపొచ్చు. ఆ తర్వాత "ఎవరు చూస్తార్లే" అనుకుంటే ఇన్సూరెన్సువాళ్ళు చూస్తారు. ఎల్మైరా వైపు నుంచి వస్తే మెనొనైట్ అనే క్రైస్తవ శాఖవాళ్ళ గుర్రపు బళ్ళు రోడ్డు వారగా పోతుంటాయి, హారన్ కొట్టకుండా దూరమిచ్చి దాటండి. తిండి ఇంటినుంచి తెచ్చుకున్నా, అక్కడ కొనుక్కున్నా ఇబ్బంది లేదు. వీటిలో ఒకసారి తప్పు చేస్తే రెండోసారి దిద్దుకోవచ్చు. నది దగ్గర ఆ రెండోసారి ఉండకపోవచ్చు.

మన నది ఊళ్ళను ఒకసారి తలచుకోండి. రాజమండ్రి, కొవ్వూరు, భద్రాచలం, ధర్మపురి, కాళేశ్వరం. ఆ ఊళ్ళు పుట్టిందే నీళ్ళలోకి దిగడానికి. పడవ ఆగే చోట, మెట్లు కట్టడానికి వీలైన చోట, బిందె ముంచుకోగలిగిన చోట జనం చేరారు, గుడి వెలిసింది, బజారు వచ్చింది. అందుకే మనకు చిన్నప్పటినుంచి ఒక లెక్క ఒంట బట్టింది: ఊరి నడిబొడ్డున, పదిమంది కళ్ళెదుట ఉన్న నీళ్ళయితే దిగొచ్చు, మనుషులు లేనిచోటి నీళ్ళతోనే జాగ్రత్త. ఒంటారియోలో ఈ లెక్క తిరగబడుతుంది. 1832లో కెప్టెన్ విలియం గిల్కిసన్ ఎలోరాకు పునాది వేసింది నీళ్ళ చేత పని చేయించడానికి. నది ఒక్కసారిగా కిందికి దూకే చోటు కావాలి, అక్కడ చక్రం తిరగాలి, రంపపు మిల్లో పిండి మిల్లో నడవాలి. (ఆ నేల 1784 హాల్డిమాండ్ ప్రకటన కింద, నదికి అటూ ఇటూ ఆరేసి మైళ్ళ చొప్పున సిక్స్ నేషన్స్ ఆదివాసులకు ఇచ్చినది. అది చేతులు మారిన తీరు మీద వాళ్ళు వేసిన దావా పాతికేళ్ళు దాటినా నడిచింది.) ఫెర్గస్, ఇప్పుడు కేంబ్రిడ్జిలో కలిసిపోయిన గాల్ట్, ఆటవా వైపు ఆల్మాంట్, మెరిక్‌విల్, అన్నీ ఇలా మిల్లు కోసం పుట్టిన ఊళ్ళే. నది దానంతటది దూకకపోతే అడ్డంగా చిన్న ఆనకట్ట కట్టి దూకించారు. కాబట్టి ఈ ఊళ్ళలో నడిబొడ్డున ఉన్న నీళ్ళే అన్నిటికన్నా ప్రమాదమైన నీళ్ళు. నది అక్కడ కోపంగా ఉంది గనకే ఊరు అక్కడ ఉంది.

ఎలోరా మిల్లు దగ్గర నిలబడి చూస్తే ఇది కళ్ళకు కడుతుంది. అయిదంతస్తుల రాతి కట్టడం, ఇప్పుడు హోటలు. దాని పక్కనే జలపాతం. జలపాతం నెత్తిన, నీళ్ళను రెండుగా చీలుస్తూ, నాలుగు చెట్లు మోస్తూ ఒక రాతి ముక్క. దాన్ని అక్కడివాళ్ళు 'టూత్ ఆఫ్ టైమ్' అంటారు. మిల్ స్ట్రీట్‌లో కొట్లకు ముఖం వీధివైపు, వీపు నదివైపు. మన రేవు వీధుల్లో ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా గోదారి కనబడుతుంది. ఇక్కడ కాఫీ కప్పుతో వెనక వరండాలోకి వెళ్తేనే నది. జలపాతం దాటాక రెండువైపులా 22 మీటర్ల దాకా లేచిన సున్నపురాతి గోడలు, అంటే ఏడంతస్తుల మేడ ఎత్తు. గోడ అంచున సెడార్ చెట్ల వేళ్ళు రాతిని కరుచుకుని ఉంటాయి. వేళ్ళ కింద మట్టి కొట్టుకుపోయి డొల్లగా ఉంటుంది, పైన నాచు మెత్తగా, పచ్చగా, కాలు పెట్టమన్నట్టు ఉంటుంది. పెట్టకండి. కింద నీళ్ళలో పడినవాడికి ఎక్కి రావడానికి మెట్టు లేదు, పట్టుకోవడానికి గొలుసు లేదు. మన ఘాట్లలో మెట్ల పక్కన గొలుసులు ఎందుకు వేలాడతాయో అవి లేనిచోట అర్థమవుతుంది.

ఇక నీటి సంగతి. ఫెర్గస్‌కు ఎగువన 1942లో షాండ్ డ్యామ్ కట్టారు. వసంతంలో మంచు కరిగి వచ్చే వరదను ఆపడం, ఎండాకాలంలో నది ఎండిపోకుండా కొద్దికొద్దిగా వదలడం దాని పని. ఆ వదిలే నీళ్ళు జలాశయం అడుగునుంచి వస్తాయి. బయట 30 డిగ్రీల ఎండ కాస్తున్నా అడుగునీళ్ళు చల్లగానే ఉంటాయి. చల్లనీళ్ళు లేకపోతే బతకని బ్రౌన్ ట్రౌట్ చేప ఆ డ్యామ్ కింద హాయిగా పెరగడానికి కారణం అదే. చేపకు మంచిది, మనకు కాదు. చల్లనీళ్ళలో హఠాత్తుగా పడితే ఒళ్ళు చేసే మొదటి పని గట్టిగా ఊపిరి పీల్చుకోవడం. ఆ క్షణంలో నోరు నీళ్ళలో ఉంటే ఈత వచ్చినా రాకపోయినా ఒకటే. మంచులాంటి నీళ్ళ మీద పరిశోధించిన మానిటోబా ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే సూత్రం ఒకటి, పది, ఒకటి: ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్ళూ మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి ఒక గంట. చాలామంది ఆ మొదటి నిమిషమే దాటలేరు. ఇక డ్యామ్ కింద నీటిమట్టం మన తలమీది ఆకాశాన్ని బట్టి ఉండదు. ఎగువన వానపడి ఎక్కువ నీళ్ళు వదిలితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నది పెరుగుతుంది. ఈ మాట తెలుగువాళ్ళకు మళ్ళీ చెప్పాల్సి రావడమే బాధ. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నదిలో రాళ్ళ మీద నిలబడి ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ డ్యామ్ నీళ్ళు వదలడంతో కొట్టుకుపోయారు. వాళ్ళు దిగినప్పుడు ఆ రాళ్ళు పొడిగానే ఉన్నాయి.

చిన్న ఆనకట్టల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే వాటిని చూస్తే ఎవరికీ భయం వేయదు. కొన్ని మనిషి ఎత్తు కూడా ఉండవు. నీళ్ళు గాజు తెరలా నున్నగా జారుతుంటాయి, కింద తెల్లటి నురగ, పిల్లలకు చూపించి ముచ్చటపడేలా ఉంటుంది. ఒక మొద్దు కొట్టుకొచ్చి దాని మీదినుంచి జారిందనుకోండి, కాసేపు అక్కడే ఉండి చూడండి. మునుగుతుంది, కాస్త దూరంలో తేలుతుంది, పైనీళ్ళు వెనక్కి లాగితే మళ్ళీ ఆనకట్ట దగ్గరికే వస్తుంది, మళ్ళీ మునుగుతుంది. గంటలు గంటలు అక్కడే తిరుగుతుంది. మనిషి పడినా అంతే. 1998 ఆగస్టులో ఇదే గ్రాండ్ నది మీద, కేంబ్రిడ్జిలోని పార్క్‌హిల్ ఆనకట్ట దగ్గర పన్నెండేళ్ళ పిల్లాడు మునిగిపోయాడు. వెతకడానికి దిగిన పోలీసు డైవరు కూడా ప్రాణాలతో తిరిగి రాలేదు. శిక్షణ ఉన్నవాడు, పరికరాలు ఉన్నవాడు, ఒడ్డున బలగం ఉన్నవాడు. మరి ప్యాంటు మడిచినవాడి మాటేమిటి?

"గోదారి ఒడ్డున పుట్టాం, మాకు ఈత నేర్పుతారా" అనేవాళ్ళుంటారు. నేర్పనక్కర్లేదు. కానీ మీరు ఈదింది గోరువెచ్చని కాలవలో, తెలిసిన రేవులో. అంతకన్నా ముఖ్యమైనది, అక్కడ మీరు ఒంటరిగా లేరు. బట్టలుతికే ఆవిడ ఉంది, పడవవాడు ఉన్నాడు, గేదెలు తోలుకొచ్చిన పిల్లాడు ఉన్నాడు. "ఒరేయ్, అటు సుడి ఉంది, పోకు" అని అరిచే గొంతు ఎప్పుడూ ఒకటి ఉండేది. మునిగితే దూకే గజ ఈతగాళ్ళు ఉండేవారు. అయినా మన నదులు ఎంతమందిని మింగలేదు! కెనడాలో ఆ అరుపు పని హెచ్చరిక బోర్డు చేస్తుంది. ఇక్కడికొచ్చి మనం పోగొట్టుకున్నది నీళ్ళను కాదు, నీళ్ళ దగ్గరుండే మనుషుల్ని. ఆ లోటు తెలియకనే మనవాళ్ళు నిర్మానుష్యంగా ఉన్న ఒడ్డును చూసి "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అంటారు. ఆ ప్రశాంతతకు అర్థం, మీరు మునిగితే చూసేవాడు లేడని. 911కి ఫోన్ చేసినా ఆ రాతి గోడలమీదినుంచి తాళ్ళతో మనుషులు దిగాలి.

"ఈ దేశానికి రూల్స్ పిచ్చి" అన్నది ఇంకో వాదన. కొంత నిజమే, పార్కింగ్ బోర్డు అర్థం చేసుకోవడానికి డిగ్రీ కావాలి. అయితే మన దగ్గర బోర్డు ఉన్నచోట ప్రమాదం ఉంటుందన్న నమ్మకం లేదు, ప్రమాదం ఉన్నచోట బోర్డు ఉంటుందన్న నమ్మకమూ లేదు. అందుకే చదివే అలవాటు పోయింది. ఇక్కడ నది ఒడ్డున కంచె వేశారంటే సాధారణంగా దాని వెనక ఒక చావు ఉంటుంది. "మరి ఇక్కడి పిల్లలు దూకుతున్నారుగా" అంటారా? వాళ్ళూ చస్తున్నారు. కాకపోతే వాళ్ళలో చాలామందికి ఈత చిన్నప్పుడే వస్తుంది. ఒంటారియోలో లైఫ్‌సేవింగ్ సొసైటీ వాళ్ళ 'స్విమ్ టు సర్వైవ్' పాఠం ఎన్నో బళ్ళలో మూడో తరగతికే చెబుతారు: లోతు నీళ్ళలోకి దొర్లడం, ఒక నిమిషం తేలి ఉండటం, 50 మీటర్లు ఈదడం. కొత్తగా వచ్చినవాళ్ళలో ఈత రానివాళ్ళు ఎక్కువని ఆ సంస్థే ఎన్నాళ్ళనుంచో మొత్తుకుంటోంది. "మోకాలిలోతేగా" అనేవాళ్ళకు ఒక్కటే జవాబు: వేగంగా పారే మోకాలిలోతు నీళ్ళు మనిషిని పడేస్తాయి, రాళ్ళ సందులో పాదం ఇరుక్కుంటే లేవనివ్వవు.

అయితే నదిని దూరంనుంచి చూసి దణ్ణం పెట్టి రావడమేనా? కాదు. ఊళ్ళోనే విక్టోరియా పార్కు ఉంది, డబ్బు కట్టనక్కర్లేదు. ఇర్విన్ ఏరు వచ్చి గ్రాండ్‌లో కలిసే చోటు అక్కడి గట్టు మీదినుంచి కంచె ఇవతలే నిలబడి చూడొచ్చు, ఫోటోకూ అంతకన్నా మంచి చోటు లేదు. నీళ్ళు తాకాలనుంటే ఎలోరా క్వారీ ఉంది. పాత రాతి గని నిండి చెరువైంది. ముందుగా ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలి, పైనుంచి దూకకూడదు, లైఫ్‌గార్డు ఉంటాడని ఆశపడకూడదు. బుక్ చేసుకోకుండా ఎనిమిదిమందిని కార్లలో ఎక్కించుకుని వచ్చి గేటు దగ్గర వాదించేవాళ్ళకు ఏం చెప్పాలి? లోయలో గాలి ట్యూబు మీద తేలుతూ పోవాలంటే ఎలోరా గార్జ్ కన్జర్వేషన్ ఏరియాలో వేసవిలో ఆ ఏర్పాటు ఉంది. హెల్మెట్, లైఫ్ జాకెట్ తప్పనిసరి, నది జోరుగా ఉన్నరోజు వాళ్ళే ఆపేస్తారు. ఆపినరోజు "ఇంతదూరం వచ్చాం కదా" అని పక్కదారిన దిగకండి. బయల్దేరేముందు గ్రాండ్ రివర్ కన్జర్వేషన్ అథారిటీ నీటి హెచ్చరికలు చూసుకోండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పిల్లల్ని ఒడ్డుకే పోనివ్వకండి. గడ్డకట్టిన నది మీద నడవకండి. చెరువు కొంతవరకైనా సమంగా గడ్డకడుతుంది, కింద పారే నది అలా కట్టదు.

ఇంకొక్కటి. 2027లో గోదావరి పుష్కరాలు. సెలవు దొరక్క, టికెట్ ధర భరించలేక, వీసా కాగితాలు తేలక ఊరెళ్ళలేనివాళ్ళు ఇక్కడ వేలల్లో ఉంటారు. "ఏ నదైనా నదేగా, ఎలోరాలో మూడు మునకలు వేద్దాం" అనే మాట వాట్సాప్ గుంపుల్లో పుట్టక మానదు. ఆ కోరికను తప్పుపట్టలేం, అమ్మానాన్నలను తలచుకుని నీళ్ళు వదలాలనుకోవడం ఎవరికైనా ఉంటుంది. కాకపోతే జలపాతం ఉన్న ఊళ్ళో వద్దు. గ్వెల్ఫ్ లేక్ కన్జర్వేషన్ ఏరియాలో ఇసుక ఒడ్డుంది, నీళ్ళలోకి నడుచుకుంటూ దిగొచ్చు. ప్రవేశానికి రుసుము కట్టండి, బుకింగు అడిగితే చేయించుకోండి, నడుములోతు దాటకండి, పెద్దవాళ్ళకు లైఫ్ జాకెట్ తొడగండి. జాకెట్‌తో మునక పడదని అత్తగారు అభ్యంతరం చెబితే చెంబుతో తలమీద పోయండి. పూలు, కొబ్బరిచిప్పలు, ప్లాస్టిక్ సంచులు మాత్రం వెనక్కి తెచ్చుకోండి.