దావీదు విచారించెను
(2 సమూయేలు 9వ అధ్యాయము)



1949 నుండి ఏటేటా డిసెంబరు 7న సైనికుల పతాక దినము జరుగుచున్నది. విజయవాడలోనైనను పల్లెలోనైనను మనము చిన్న జెండా గ్రుచ్చుకొని డబ్బాలో కానుక వేయుదుము. మంచిదే, అది మాజీ సైనికులకును మృతుల కుటుంబములకును చేరును. తాడేపల్లిగూడెము దగ్గర మాధవరమునుండి మొదటి ప్రపంచ యుద్ధము మొదలుకొని ఎందరో సైన్యములో చేరిరి. అందుకే మిలిటరీ మాధవరమందురు.

యోనాతాను గిల్బోవలో కూలెను. అతని అయిదేండ్ల కుమారుడు మెఫీబోషెతు, దాది ఎత్తుకొని పారిపోవుచుండగా పడి కుంటివాడాయెను. తరువాత అతడు రాజునకు అర్జీ పెట్టుకొనలేదు. ఎవరైన మిగిలిరా అని దావీదే విచారించి, లోదెబారునుండి పిలిపించి, తాత భూమిని మరల ఇప్పించి, తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను.

మనమో, పింఛను కాగితము చదువుకొనలేని సైనికుని విధవరాలికి మందిరములో వందనములు చెప్పి యింటికి పోవుచున్నాము. ఈ సోమవారము ఆమెతోకూడ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు బస్సెక్కువారెవరు?