మందిరానికా, ముసలితనానికా?

నాకు 50 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారికి 56. ఆయన పనిచేసే చోట పెన్షన్ లేదు. మేం కూడబెట్టిందంతా ఆయన పేర పీపీఎఫ్‌లోనే ఉంది, వచ్చే మార్చి ఆఖరుకి దాని 15 ఏళ్ల గడువు తీరుతుంది. ఆ సొమ్మంతా కొత్త మందిరానికి ఇచ్చేస్తానంటున్నారు. మన్నా దాచుకుంటే పురుగులు పట్టలేదా, రేపటికి దాచడం అవిశ్వాసం కాదా అంటారు. అత్తగారు మా దగ్గరే ఉంటారు. కాదంటే దేవుని పనికి అడ్డుపడినదాన్ని అవుతానా?
– ఒక సోదరి, తెనాలి

అమ్మా, అరణ్యంలో ఇశ్రాయేలీయులు ఏరుకుని తిన్న మన్నా సంగతి నిర్గమకాండం 16వ అధ్యాయంలో ఉంది. మీవారు ఆ అధ్యాయాన్ని సగంలో ఆపేశారు. తెల్లారేదాకా ఉంచుకున్నది పురుగు పట్టిన మాట నిజమే. కానీ ఆరో రోజున అందరూ రెండింతలు ఏరుకున్నారు, మర్నాటికి ఉంచుకోమని మోషేయే చెప్పాడు. అలా ఉంచింది పాడవలేదు. మర్నాడు విశ్రాంతి దినం, బయటికెళ్లినా ఏమీ దొరకదు. ఏరుకోలేని రోజు వస్తుందని ముందే తెలిసినప్పుడు దాచుకోవడం అక్కడ విధేయత. జీతం ఆగిపోయే రోజు ఎప్పుడో మీ ఇద్దరికీ ఇప్పుడే తెలుసు కదా. ఐగుప్తులో యోసేపు చేసిందీ ఇదే: పంట పండిన ఏడేళ్లూ ఐదో వంతు తీసి కొట్లలో పెట్టించాడు. అతన్ని అవిశ్వాసి అన్నవాళ్లు లేరు.

మరి లూకా 12లో కొట్లు విప్పి పెద్దవి కట్టాలనుకున్న ధనవంతుడి మాటేమిటని మీవారు అడుగుతారు. అడగాలి కూడా, తేలిగ్గా దాటేసే ప్రశ్న కాదది. అతను తనలో తాను అనుకున్న మాటల్లో పొరుగువాడు లేడు, దేవుడూ లేడు. పంటంతా తన సుఖానికే. ఎంత చాలు, ఎవరి కోసం అన్న రెండు ప్రశ్నలు వేసుకోకుండా మ్యూచువల్ ఫండ్ల విలువ రోజుకు నాలుగుసార్లు చూసుకునేవాళ్లకి ఆ హెచ్చరిక సూటిగా తగులుతుంది. మీకు మాత్రం ఎవరి కోసమన్న ప్రశ్నకు జవాబు ఇంట్లోనే ఉంది. మార్కు 7లో యేసు, తల్లిదండ్రులకు అందాల్సినదాన్ని కొర్బాను అని దేవుని పేర రాసేసేవాళ్లని గద్దించాడు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో పౌలు, ఇంట్లో వితంతువులుంటే వాళ్ల భారం సంఘం మీద వేయకుండా ఇంటివాళ్లే చూసుకోవాలంటాడు. ఈరోజు అంతా ఇచ్చేసి, పదేళ్లకి అదే సంఘం ముందు చేయి చాచడం ఈ మాటకి ఎలా సరిపడుతుంది? రెండు కాసులు వేసిన విధవరాలి ఉదాహరణ కూడా రావచ్చు. ఆమె వేసింది ఆమె సొంత జీవనం. ఈ ఖాతాలో ఉన్నది ముగ్గురి జీవనం. పైగా ఆ సంఘటనకి ముందు వాక్యంలోనే యేసు, విధవరాళ్ల ఇళ్లు మింగేసే శాస్త్రులని తప్పుపట్టాడు.

లెక్కలు వేసుకుంటే విశ్వాసం తగ్గుతుందనుకునేవాళ్లు స్కాట్లాండ్ పాస్టర్ల సంగతి చూడాలి. రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అనే ఇద్దరి పూనికతో 1744లో, చనిపోయిన పాస్టర్ల భార్యాబిడ్డల కోసం ఒక నిధి మొదలైంది. ఏటా ఎందరు పాస్టర్లు చనిపోవచ్చు, ఎందరు వితంతువులు మిగలవచ్చు అని లెక్కగట్టి మరీ చందాలు నిర్ణయించారు. ఆధునిక జీవిత బీమా, పెన్షన్ నిధుల చరిత్రలో దానికి పెద్ద చోటుంది.

ఇక చేయాల్సింది. పీపీఎఫ్‌కి 15 ఏళ్లు నిండినంత మాత్రాన మూసేయక్కర్లేదు. గడువు తీరిన ఏడాదిలోగా దరఖాస్తు ఇస్తే మరో ఐదేళ్లు డబ్బు కడుతూ పొడిగించుకోవచ్చు, ఏటా ఒకసారి కొంత తీసుకునే వీలూ ఉంటుంది. మీవారికి 60 నిండాక సీనియర్ సిటిజెన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షల దాకా పెట్టి, మూడు నెలలకోసారి వడ్డీ తీసుకోవచ్చు. మందిరానికి జీతంలోంచి దశమ భాగం ఆపకండి, పీపీఎఫ్ మీద వచ్చే వడ్డీలోనూ పదో వంతు లెక్కగట్టి ఇవ్వండి. అసలు మాత్రం కదపనివ్వకండి. ఈ మాట మీవారితో అత్తగారి ఎదుటే మాట్లాడండి, ఆ సొమ్ములో ఆమె వాటా కూడా ఉంది.